పదకొండు జేబుల కోటు

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తాళంచెవిని చూసి అందుకుంటున్నారా, తడిమి అందుకుంటున్నారా? ప్రశ్న చిన్నది. దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోతే, మీరు వాళ్ళ మాటలు వింటున్నారు గానీ వాళ్ళ చేతులను చూడడం లేదని అర్థం. నేను కూడా చాలాకాలం చూడలేదు. చూసిన రోజున, చూసినదాన్ని ఎవరికీ చెప్పలేదు. వనపర్తిలో చదువుకున్న రోజుల్లో చర్చావేదికల మీద ఎదుటి పక్షాన్ని ప్రశ్నలతో నిలదీయడం నాకు అలవాటు. నాలుగు వైపుల నుంచీ తర్కించనిదే ఏ మాటనూ ఒప్పుకునేదాన్ని కాదు. అలాంటి నేను ఒక మనిషి విషయంలో చెప్పవలసిన మాటను పన్నెండేళ్ళ వయసులో మింగేశాను. మింగినది ఇప్పటికీ అరగలేదు.

మొన్న గద్వాలలో నాతోపాటు చర్చల్లో పాల్గొన్న స్నేహితురాలి పెళ్ళి జరిగింది. తలంబ్రాలు పోస్తుండగా అందరూ వధూవరులను చూస్తున్నారు. నేను ఫొటోగ్రాఫర్‌ను చూస్తూ ఉండిపోయాను. అతని ఒంటి మీద చేతులు లేని పొట్టి కోటు ఉంది, ముందంతా జేబులు. అతను కెమెరా నుంచి కన్ను తీయలేదు. ఎడమ చేయి మాత్రం దానంతట అది కిందికి దిగి, పక్కటెముకల దగ్గర ఒక జేబు మూత ఎత్తి, బ్యాటరీ తీసి, అయిపోయినదాన్ని మరో జేబులో వేసి, మూత నొక్కి పైకి వెళ్ళింది. మూడు నాలుగు క్షణాల పని. నా అరచేతిలో అక్షింతలు అలాగే ఉండిపోయాయి.

ఆ కోటు అసలు ఫొటోలు తీసేవాళ్ళ కోసం పుట్టింది కాదు. ఎక్కడో చలిదేశాల్లో, నడుముల్లోతు ఏటి నీళ్ళలో నిలబడి, ఈకలతో చేసిన దొంగ ఈగను నీటి మీదికి విసిరి చేపలు పట్టేవాళ్ళ కోసం పుట్టింది. నీళ్ళలో నిలబడినవాడికి పక్కన బల్ల ఉండదు, సంచి దించుకోవడానికి నేల ఉండదు. కావలసినదంతా ఛాతీ మీదే ఉండాలి. అటువంటి ఏటిని కలలోనైనా చూడని మన ఊళ్ళలో ఇవాళ దాన్ని ఫొటోగ్రాఫర్లు వేసుకుంటున్నారు, భూములు కొలిచేవాళ్ళు వేసుకుంటున్నారు, మన్ననూరు దగ్గర అడవి చూపించే గైడ్లు వేసుకుంటున్నారు. ఇంతమందిని ఆ కోటు ఎందుకు వదలడం లేదు? అందం కోసం అనలేం. అది వేసుకున్న ఏ మనిషీ సన్నగా కనిపించడు. నాకు తోచిన జవాబు ఒకటే. చూడకుండా చేయి పెట్టినా నీ వస్తువు నీకు దొరుకుతుందని అది మాట ఇస్తుంది. ఆ మాట ఎంత గొప్పదో, ఎంత ప్రమాదకరమైనదో నాకు తెలుసు. మా అమ్మ వాళ్ళ నాన్న, కుర్మయ్య తాత, అటువంటి కోటుతోనే కృష్ణ నీళ్ళ మీద బతికాడు. పెళ్ళి భోజనం అయ్యాక నేను ఉద్యోగం చేస్తున్న నాగర్‌కర్నూల్‌కు బస్సు ఎక్కలేదు. కొల్లాపూర్ దారి పట్టాను.

కొల్లాపూర్ అవతల, ఆనకట్ట కట్టాక నిలిచిన కృష్ణ వెనక నీళ్ళ ఒడ్డున ఉన్న ఊరు తాతది. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఆ ఇంటిని తలుచుకుంటే ముందు వాసనలు వస్తాయి: దండెం మీద ఎండుతున్న చేపలు, తడి నైలాను దారం, పొయ్యి మీద జొన్నరొట్టె మాడిన అంచు, మధ్యాహ్నపు గాలి మారితే మామిడితోటల నుంచి పండిన కాయల తీపి. అవ్వ కోడి కూయకముందే లేచి రొట్టెలు కొట్టేది. తాత నడవాలో కూర్చుని ఎర్రమట్టిలో దాచిన వానపాములను ఏరుకునేవాడు. తాతకు ఓనమాలు మాత్రమే కాదు, చదవడం కూడా బాగానే వచ్చు. చేపలు పట్టేవాళ్ళ సంఘం నుంచి ఏ కాగితం వచ్చినా ఊరివాళ్ళు ఆయన దగ్గరికే తెచ్చి చదివించుకునేవాళ్ళు. ప్రతి మాటకూ ఎందుకు అని అడుగుతానని నన్ను "లాయరమ్మ" అని పిలిచేవాడు.

కోటు ఆ ఇంటికి ఎలా వచ్చిందో అవ్వ చెప్పేది. నేను ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి సన్నని గాలం కర్రతో వచ్చి మూడు రోజులు తాత పుట్టిలో తిరిగాడట. పుట్టి అంటే ఒక్క తెడ్డుతో నడిపే గుండ్రటి పడవ. కూర్చున్నవాడు ఏమాత్రం ఒరిగినా అదీ ఒరుగుతుంది. ఆ పెద్దమనిషి కోటును చూసి తాత మొదటిరోజు ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడట.

"గన్ని జేబులా! గాయన మనిషా, అల్మారానా? నిజం పురుగు ఎయ్యడట, ఈకల పురుగు ఏస్తడట. చేప పడితే దాని మొగం జూసి మల్ల నీళ్ళల్ల ఇడుస్తడట. వండిన అన్నం పారబోసుకున్నట్టు గాదె?"

"కడుపు నిండినోడు," అందట అవ్వ. "ఆయనకు చేప ఆట. నీకు కూర."

మూడో రోజు గాలి లేచింది. పుట్టి గిరగిరా తిరుగుతోంది. ఆ పెద్దమనిషి మాత్రం కళ్ళు నీటి మీదే ఉంచి, చేతులతో ఒక జేబులోంచి దారం, ఒక జేబులోంచి చిన్న కత్తెర తీసి, తెగిన చోట ముడి వేసుకుని, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాడు. అది చూసి తాత నవ్వు ఆగిపోయింది. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, వెళ్ళేటప్పుడు ఆయన్ని ఆ కోటు అడిగాడట. ఆయన విప్పి ఇచ్చేశాడు.

దుమ్మురంగు కోటు. నడుము దాకా కూడా రాదు, కాబట్టి పుట్టిలో కూర్చుంటే అంచు తడవదు. వీపు మీద, రెండు భుజాల మధ్య ఒక ఇనుప రింగు, చేతివల తగిలించుకోవడానికి. ఎడమ ఛాతీ మీద బొచ్చు గుడ్డ ముక్క, గాలాలు గుచ్చుకోవడానికి. జేబులు పదకొండు. వాటిలో ఏమేం ఉండాలో తాత నిర్ణయించాడు: గాలాలు రెండు సైజులు, సీసపు గుండ్లు, దారపు ఉండ, అగ్గిపెట్టె, సున్నం డబ్బీ, తమలపాకులు, గుడ్డపీలికలు, గట్టిపడిన బెల్లం ముక్క, సంఘం కార్డు, ఎడమవైపు కింది జేబులో కత్తి. ఇంట్లో దానికి ప్రత్యేకంగా ఒక మేకు ఉండేది. ఆ మేకుకు మరే గుడ్డా వేలాడకూడదు, ఆ కోటును మరే చేయీ ముట్టకూడదు. నేనొకసారి బెల్లం కోసం జేబు మూత ఎత్తితే తాత అరిచిన అరుపుకు అవ్వ చేతిలో రొట్టె జారింది. "జేబుల చెయ్యి పెట్టుడంటే నోట్ల చెయ్యి పెట్టినట్టు," అన్నాడు. ముసలితనపు చాదస్తం అనుకున్నాం. ఆ ఇంట్లో నా బుర్ర ప్రతిదాన్నీ ప్రశ్నించింది. దీన్ని మాత్రం ప్రశ్నించలేదు.

ఏడో తరగతి పరీక్షలయ్యాక వచ్చిన సెలవులు అవి. ఆ వేసవిలో తాత నన్ను రోజూ పుట్టిలోకి తీసుకుపోయేవాడు. తెడ్డు వేయడం నేర్పాడు. దారి పొడవునా ప్రశ్నలు వేసేవాడు: "ఆ కొండ కింద తెల్లగ ఏమన్న తేలుతున్నదా?" "ఒడ్డుకు ఎవరన్న నిలవడ్డరా?" నేను ఉత్సాహంగా చెప్పేదాన్ని. తెల్లగా తేలేది తను కట్టిన ప్లాస్టిక్ డబ్బా. దాన్ని నా చేత వెతికిస్తున్నాడని, అది నా శిక్షణ కాదు ఆయన అవసరమని, నాకు తట్టలేదు.

ఒకరోజు సంఘం మీటింగు ఉందని తాత కొల్లాపూర్ వెళ్ళాడు. ఎండ మండుతోంది, వెళ్ళేటప్పుడు కోటు వేసుకోలేదు. అవ్వ మేకు వైపు చూసి ముక్కు మూసుకుంది. "ఈ కోటు వాసనకు ఈగలు గూడ వాలుతలేవు. ఆయన వచ్చేలోపల ఉతికి ఆరేస్త. నువ్వు చెప్పకు." జేబులన్నీ చాటలోకి గుమ్మరించింది. సబ్బు వేసి బండ మీద బాదింది. ఆరాక నా ముందు పడేసి, "ఏవి యాడున్నయో అట్లనే పెట్టు," అని తన పనిలో పడిపోయింది.

ఏవి ఎక్కడ ఉన్నాయో నాకు తెలియదు. తెలియకపోవడం నన్ను ఆపలేదు. బడిలో సైన్సు గదిలో సీసాలకు చీటీలు అంటించి వరసగా పెట్టడం ఆ ఏడాదే నేర్చుకున్నాను. చిన్న గాలాలు మొదటి జేబులో, పెద్దవి రెండో జేబులో, తినేవి ఒక వైపు, తిననివి ఒక వైపు పెట్టాను. కత్తి ప్రమాదకరమైనది కాబట్టి దాన్ని కుడివైపు లోపలి జేబులో వేసి జిప్పు లాగాను. నోటుపుస్తకం చివరి కాగితాలు చింపి, గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి, ప్రతి జేబుకూ పిన్నీసుతో గుచ్చాను. అప్పుడు కనిపించింది, జేబు మూతల లోపలి అంచుల్లో లావు దారపు ముడులు. ఒక మూతకు ఒకటి, ఒకదానికి రెండు, మరోదానికి మూడు. ఎవరో దర్జీ పనితనం లేక వదిలేసినవి అనుకున్నాను. తాత గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, వాటన్నిటినీ నున్నగా కోసేశాను.

తాత ఆ సాయంత్రం అలసిపోయి వచ్చి పడుకున్నాడు. తెల్లవారుతూనే కోటు తొడుక్కున్నాడు. కాగితాలు చేతికి తగిలాయి. వేళ్ళు ఒక్కసారి ఆగిపోయాయి.

"ఇవేంది?"

"పేర్లు రాసిన తాతా! ఇగ నువ్వు ఎతుక్కునే పని లేదు. అవ్వ కోటు ఉతికింది, నేను సదిరిన."

ఆయన ఒక కాగితాన్ని బొటనవేలితో రెండుసార్లు తడిమి నవ్వాడు. "మంచిగ రాసినవ్ బిడ్డా. ఏడ ఏం రాసినవో జర చదువు, ఇంట."

నా చదువు వినాలని ముచ్చటపడుతున్నాడనుకున్నాను. ఒడ్డుకు నడుస్తూ పదకొండూ అప్పజెప్పాను. "మల్లొక్కసారి," అన్నాడు. మళ్ళీ చెప్పాను. పెదవులు కదుపుతూ ఆయన వెంట వెంట అనుకున్నాడు, ఎక్కాలు బట్టీపట్టే పిల్లవాడిలాగా. ఊరందరి కాగితాలూ చదివిన మనిషి, తన ఛాతీ మీది అక్షరాలను నా నోట ఎందుకు చదివించుకుంటున్నాడని నేను అడగలేదు. ఆయన కూడా, నువ్వు చేసింది తప్పు అని చెప్పలేదు. చెబితే ఎందుకు తప్పో చెప్పవలసి వచ్చేది.

తాత పని ఇది: బారెడు దూరానికో గాలం కట్టిన పొడవాటి తాడును సాయంత్రం నీళ్ళలో వేసి, పొద్దున డబ్బా దగ్గర మొదలుపెట్టి చేతుల మీదుగా పైకి లాగుతూ పోవడం. ఆ పొద్దున గాలి అవతలి నల్లమల కొండల నుంచి వస్తోంది. నీళ్ళు నలుపు మీద ఉన్నాయి. ముందురోజు తాత కొల్లాపూర్‌లో ఉన్నాడు కాబట్టి తాడు వేసింది పక్కింటివాళ్ళే అయినా, లాగడం తాతే లాగుతున్నాడు. నాలుగైదు గాలాలు ఖాళీగా వచ్చాయి. తర్వాత తాడు బరువెక్కింది. "వాలుగ," అన్నాడు తాత, గొంతు తగ్గించి. "పెద్దది. తెడ్డు ఆపకు."

అది ఒక్కసారి కిందికి దూకింది. తాడు మెలిక పడి తాత ఎడమ మణికట్టును చుట్టేసింది. వెనక వస్తున్న గాలం ఒకటి బొటనవేలి కింది కండలో దిగింది. చేప లాగుతున్నకొద్దీ తాడు బిగుస్తోంది. తాత భుజం పుట్టి అంచు మీదికి వంగింది. అంచు వంగిన చోట నీళ్ళు లోపలికి రావడం మొదలయింది. నేను ఎదురువైపు ఒరిగి బరువు ఆపాలని చూశాను. నా బరువు ఎంత?

తాత కుడిచేయి పాత అలవాటున ఎడమవైపు కింది జేబు మీదికి వెళ్ళింది. అక్కడ సున్నం డబ్బీ ఉంది. దాన్ని విసిరికొట్టాడు. పక్క జేబులోకి వేళ్ళు పోనిచ్చాడు. అవి గాలాలు, చేయి వెనక్కి లాక్కునేసరికి రెండు వేళ్ళకు రక్తం. బొటనవేలితో జేబు మూతల లోపలి అంచులను ఆత్రంగా రుద్దుతున్నాడు, ఒకదాని తర్వాత ఒకటి.

"ముడి ఏది? ముడి లేదేందే బిడ్డా!"

"కుడిదిక్కు తాతా! లోపటి జేబు! జిప్పు!"

"ఏది? యాడ?"

"రాసి ఉన్నది గద! కత్తి అని రాసి ఉన్నది! కనబడ్త లేదా?"

"కనబడ్తలేదే!" అని అరిచాడు తాత. ఆ కేక ఇంకా నా చెవిలో ఉంది. "నాకు కనబడ్తలేదే బిడ్డా!"

నేను తెడ్డు వదిలేసి మోకాళ్ళ మీద పాకాను. ఎవరి చేయీ పెట్టకూడని కోటులో చేయి పెట్టాను. జిప్పు సగంలో ఇరుక్కుంది. నీళ్ళు నా పిక్కల దాకా వచ్చాయి. పళ్ళతో పట్టి లాగితే జిప్పు వచ్చింది, కత్తి దొరికింది. తాడును ఆయన చేతికి ఆవల ఎక్కడ కోశానో నాకు గుర్తు లేదు. తెగగానే పుట్టి ఒక్కసారిగా వెనక్కి ఊగి, ఇద్దరం నీళ్ళున్న అడుగులో పడ్డాం. చేపతో సహా తాడు వెళ్ళిపోయింది. కాగితాలు తడిసి, నా గుండ్రటి అక్షరాలు నీలంగా కారిపోయాయి.

ఒడ్డు దగ్గరపడుతుండగా తాత బొటనవేలి కండలో దిగిన గాలాన్ని పీకేసి అన్నాడు: "అవ్వకు చెప్పకు."

"ఎప్పటిసంది కనబడ్త లేదు తాతా?"

"పోయిన చలికాలం సంది. పొగ లెక్క ఉంటది. నీ మొగం కనబడ్తది, మూతి ముక్కు కనబడవు."

"దవాఖానకు పోదాం."

"పోతే ఏమంటరు? పుట్టి ఎక్కకు అంటరు. సంఘపోళ్ళకు తెలిస్తే కార్డు తీసుకుంటరు. మా అన్నను గట్లనే ఒడ్డుకు కూసోబెట్టిండ్రు. కూసోని కూసోని ఒక్క యేడాదికి పోయిండు." నా చేయి పట్టుకున్నాడు. "నీళ్ళ మీద నాకు కండ్లెందుకు? చెయ్యికి ఎరుకుంటె సాలు. నువ్వు జేబులు మార్చకుంటె నాకు ఏం గాకపోవు. మాటియ్యి, లాయరమ్మా."

ఆ వాక్యంలో ఉన్న తర్కదోషాన్ని ఇవాళ నేను ఒక్క క్షణంలో పట్టుకోగలను. జేబులు మారడం కాదు, వాటి మీద అంతగా ఆధారపడవలసి రావడమే ప్రమాదం. కానీ ఆ రోజు తప్పు నాది అనిపించింది. తప్పు చేసినదాన్ని, మాట కూడా ఇవ్వకపోతే ఎలా? ఇచ్చాను.

అవ్వ ఆయన చేయి కడిగి పసుపు పెడుతూ మణికట్టు చుట్టూ ఉన్న ఎర్రని గీతను వేలితో కొలిచింది. "ఏమైంది?"

"వాలుగ కొరికింది," అన్నాడు తాత.

"వాలుగ కొరికితే పండ్ల గాటుంటది. ఇది దారం కోసిన గాటు." అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పిల్లా. ఏమైంది?"

తాత తల ఎత్తలేదు. పొయ్యి మీద రొట్టె మాడుతోంది, అవ్వ దాన్ని తిప్పడం లేదు. ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. ఒక్క మాట చాలు.

"వాలుగనే అవ్వా," అన్నాను.

ఆ మధ్యాహ్నం మిగిలిన వస్తువులన్నీ తాత చెప్పిన జేబుల్లో తిరిగి పెట్టాను. సెలవులు అయిపోయాయి. దసరాకు వచ్చినప్పుడు తాత గడప తట్టుకుని పడ్డాడు. చీకటి అన్నాడు, పట్టపగలు. నేను ఊరుకున్నాను. మరుసటి వేసవిలో అవ్వ ఎదురుగా నిలబడి ఉంటే, "మీ అవ్వ యాడికి పోయింది?" అని నన్ను అడిగాడు. అప్పుడు దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. వనపర్తిలో కళ్ళ డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసింది. శుక్లం ఒక్కటే అయితే తీసేసేవాళ్ళమని, దాని వెనక నీటికాసులు, అంటే కంటిలో పెరిగిన ఒత్తిడి, చూపు నరాన్ని తినేశాయని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు. "ఒక ఏడాది ముందు తెచ్చి ఉంటే, ఉన్న చూపును నిలిపేవాళ్ళం," అంది. ఆమె ఎవరినీ నిందించలేదు. ఆ గదిలో ఏడాది అన్న మాట ఎవరిని తాకిందో నాకూ తాతకూ తప్ప ఎవరికీ తెలియదు.

కళాశాలలో ఒకసారి, మనిషి తన జబ్బును దాచుకునే హక్కు గురించి చర్చ పెట్టారు. నాకు అనుకూల పక్షం వచ్చింది. తాత పేరు చెప్పకుండా తాత మాటలే చెప్పాను. ఒడ్డున కూర్చోబెడితే ఏడాదికే పోయిన అన్న సంగతి చెప్పాను. గెలిచాను. ఇచ్చిన కప్పు ఇంట్లో అలమరలో ఉంది. దాని వైపు చూడకుండా ఆ గదిలో తిరగడం నేర్చుకున్నాను.

గద్వాల పెళ్ళి నుంచి నేను చేరేసరికి తాత వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద అదే కోటు. రంగు వెలిసి బూడిదలా అయింది. గాలాల జేబులో ఇప్పుడు మాత్రలు, సీసపు గుండ్ల జేబులో చిన్న ఫోను, దారం ఉండాల్సిన చోట దువ్వెన. కత్తి జేబు మాత్రం ఖాళీ. దాంట్లో ఏమీ పెట్టనివ్వడు. ఊళ్ళో పుట్టీలకు ఇప్పుడు వెదురు లేదు, ఫైబరువి వచ్చాయి. అవ్వ పొయ్యి గ్యాసుకు మారింది. జొన్నరొట్టె వాసన అదే. నా ఫోనులో వెతికితే ఇటువంటి కోట్లు లెక్కలేనన్ని కనిపిస్తాయి, ఇంకా ఎక్కువ జేబులతో. వాటిలో ఒకటి కొనిపెడతానంటే తాత తల అడ్డంగా ఊపాడు. "దానికి నేను ఎరుక లేను," అన్నాడు. తర్వాత, "ఒక మూత ఊడింది. కొల్లాపూర్ల రహీం దగ్గరికి పోయి కుట్టిచ్చుకరా," అని కోటు విప్పి ఇచ్చాడు.

దర్జీ రహీం చాచా తాత కంటే కొంచెం చిన్న. కోటు చూడగానే ఎవరిదో గుర్తుపట్టాడు. మూత కుట్టి, లోపలి అంచు తిప్పి, లావు దారంతో ఒక ముడి వేశాడు. దాని పక్కన రెండోది.

"ఈ ముళ్ళు మీరే ఏసిండ్రా చాచా?"

"ఇంకెవరేస్తరు బేటీ? కత్తికి ఒకటి, దారానికి రెండు, గాలాలకు మూడు. వేలు పెడితె తెలవాలె అన్నడు మీ తాత. మధ్యల ఒకసారి ఎవరో కోసిండ్రు. మల్ల ఏసిన."

"కోసింది నేనే," అన్నాను. ఆయన మిషను చక్రం మీద చేయి ఆపాడు. "అంటే ఆయనకు చూపు పోతున్నదని మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"మాటిచ్చిన." కాసేపు దారం కొస నలిపాడు. "నేను ఇంటోన్ని గాదు గద బేటీ. ఇంట్ల ఎవరన్న చూస్తరు, అడుగుతరు అనుకున్న. నువ్వు గూడ రోజు ఆయనతోని పుట్టిల పోతుంటివి."

ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆయన తెలిసీ నా మీద వదిలాడు, నేను తెలిసీ తాత మీద వదిలాను, తాత అంతా ఆ కోటు మీద వదిలాడు. మేమిద్దరం ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాళ్ళం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

కోటు తెచ్చి తాతకు తొడిగాను. ఆయన బొటనవేలు మూతల కింద నడిచింది: ఒకటి, రెండు, మూడు. తృప్తిగా తల ఊపాడు. నేను ఎదురుగా కింద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న అది.

"తాతా, ఆ దినం నేను అవ్వకు చెప్పి ఉంటే ఏం చేస్తుంటివి?"

అవ్వ లోపల రొట్టె తట్టడం ఆపింది.

"కోపం చేస్తుంటి," అన్నాడు. "మస్తు కోపం చేస్తుంటి. మాట తప్పినవని నెల దినాలు నీతోని మాట్లాడకపోతుంటి." చేయి చాచి గాలిలో వెతికాడు. నేను ముఖం ముందుకు పెట్టాను. వేళ్ళు నా నుదుటి మీద నుంచి ముక్కు మీదికి, పెదవుల మీదికి మెల్లగా దిగాయి, జేబులు తడిమినట్టే. "గని ఇయ్యాల నీ మొగం జూస్తుంటి బిడ్డా."

నేను చెప్పవలసింది ఇంతే, ఇక అడగవలసింది ఉంది. రేపు పొద్దున మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతులను చూడండి. చాయ గ్లాసు కంటే ముందు వేళ్ళు బల్లను తాకుతున్నాయా? మెట్టు దిగేముందు పాదం గాలిలో ఆగుతోందా? చదవగలిగిన మనిషి కాగితం మీ చేతికిచ్చి, నువ్వు చదువు, వింటాను అంటున్నారా? అయితే అడగండి. ఏం లేదంటారు, మళ్ళీ అడగండి. ఎవరికీ చెప్పవద్దని మాట అడుగుతారు; ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇవాళే తప్పండి. వారం తిరగకముందే కళ్ళ దవాఖానకు తీసుకుపోండి. కోపం చేస్తారు, చేయనివ్వండి. మిమ్మల్ని కోపంగా చూడడానికైనా వాళ్ళకు చూపు మిగలనివ్వండి.